తడిసిన పుస్తకాల బదులు

పోయినవి ముందు చెబుతాను. బొమ్మల కథల పుస్తకాలు ఇరవై తొమ్మిది. రంగు పెన్సిళ్ళ డబ్బాలు రెండు. బడి నుంచి తెచ్చిన చాప ఒకటి. పిల్లలు పెద్ద అట్ట మీద రంగులతో రాసుకున్న మా ఊరి పేరు ఒకటి. రంగు కారిపోయి వట్టి అట్ట మిగిలింది. వానకు కొట్టుకుపోయిన వడ్లు రెండు బస్తాలని రైతులన్నారు, నా అంచనా బస్తాన్నర. ఇవి గాక ఒక మంచి ఆదివారం మధ్యాహ్నం పోయింది. దాన్ని ఏ వరుసలో వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను ఆరో తరగతి దాకానే చదివాను. లెక్క నేర్చుకున్నది బడిలో కాదు, బీడీల చాట ముందు. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలు వెయ్యి. ఏ సంఖ్య విన్నా మనసులో కట్టలు కట్టుకోవడం అప్పటి అలవాటు. ఇరవై తొమ్మిది అంటే ఒక కట్ట, పైన నాలుగు. పెళ్ళయి ఈ ఊరికి వచ్చాక మహిళా సంఘం లెక్కలు నాకు అప్పజెప్పారు. సంఘం వడ్ల కొనుగోలు కేంద్రం పెట్టినప్పుడు కాంటా దగ్గర రాసే పని కూడా వచ్చింది. ఆ తర్వాత బడి మేడం పంచాయతీ పాత గదిలో పిల్లల పుస్తకాల బీరువా ఒకటి పెట్టించి, దాని తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"లెక్క తప్పని మనిషివి గదక్కా, నీ దగ్గరుంటేనే భద్రం" అంది.

వద్దనడం రానివాళ్ళ దగ్గరికే పనులు నడిచి వస్తాయి. తీసుకున్నాను.

ఆ బీరువాలోని పుస్తకాలు మావి కావు. సిద్దిపేటలోని గ్రంథాలయం సారు అరవై పుస్తకాలు అరువిచ్చేవాడు. ఆరు నెలలకు ఆ అరవై తిరిగి ఇస్తే కొత్తవి అరవై ఇచ్చేవాడు. తక్కువైతే కొత్తవి రావు. మా పిల్లలకు బడి వాచకం కాక చేతిలో పట్టుకునే పుస్తకమంటే ఆ అరవయ్యే.

పోయిన ఎండాకాలం సిద్దిపేటలో పిల్లల కథల పండుగ పెడుతున్నామని కబురొచ్చింది. గ్రంథాలయాల వాళ్ళు, పంతుళ్ళు, పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు అందరూ రావాలి. ఊరికో బల్ల ఇస్తారు. దాని మీద తమకు నచ్చిన పుస్తకాలు పేర్చి, ఊరికొకరు ఒక కథ చదివి వినిపించాలి. ఒక్కో బిడ్డతో ఇంటి నుంచి ఒక పెద్ద మనిషి తప్పకుండా ఉండాలన్నది వాళ్ళ షరతు. మంచి షరతే. కానీ ఆ తారీఖు పెట్టిన వాళ్ళు బియ్యం దుకాణంలో కొనుక్కునే వాళ్ళై ఉంటారు. అప్పుడు యాసంగి వడ్లన్నీ కల్లంలో ఉన్నాయి.

పండుగకు ముందు ఊళ్ళో ఒకసారి చదివించి చూద్దామని మేడం తల్లిదండ్రులను బడికి రమ్మంది. ఒక్కరూ రాలేదు. ఆమె నేరుగా కాంటా దగ్గరికి వచ్చి గోనె సంచుల మీద కూలబడింది.

"ఒక్కరన్న రాలేదక్కా. గింత పట్టింపు లేకపోతే ఎట్ల?"

"ఎట్లొస్తరు మేడం? కుప్ప ఇడిసిపెట్టి పోతే పందులొస్తయి, మబ్బొస్తది, లేకుంటే లారీ వస్తది. ఏదొచ్చినా మనిషుండాలె."

"మరి పిల్లలు కతలు ఎవ్వరికి చదివి ఇనిపియ్యాలె?"

"కుప్పలకు" అన్నాను. విసుగుతో అన్న మాట అది. ఆమె మాత్రం లేచి నిలబడి కల్లం చుట్టూ చూసింది.

"మంచిగుందక్కా. ఈడనే పెడదాం."

అలా ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం కథలు కల్లానికి వచ్చాయి. కేంద్రంలో వాడకుండా ఉన్న టార్పాలిన్ పరదాలు రెండు తీసి, ఒకటి నేల మీద పరిచి, ఒకటి నీడకు వెదురు బొంగుల మీద కట్టాను. అరవై పుస్తకాలూ వరుసగా పేర్చాం. రైతులు కుప్పల అంచున కూర్చున్నారు. పుస్తకాల్లో ఏముంటుందో చాలామంది తండ్రులు అప్పుడే చూశారు. ఒకాయన ఒక పుస్తకాన్ని పొలం పాసుపుస్తకంలా రెండు చేతులా పట్టుకుని, వేలికి ఉమ్మి తడి చేసుకోబోయి, మేడం వైపు చూసి లాగుకు తుడుచుకున్నాడు.

మా ఊరి తరఫున చదవాల్సింది మూడో తరగతి పిల్ల. కల్లంలో పల్లపు కొసన కుప్ప పోసుకున్న రైతు బిడ్డ. ఆమె ఎంచుకున్న పుస్తకంలో ఒక ఎండ్రికాయ ఇల్లు వెతుక్కుంటూ తిరుగుతుంది. పోయిన చోటల్లా గట్టుకు బొక్క పెడుతుంది. పిల్ల ఆ బొక్క దగ్గరికి వచ్చేసరికి తండ్రి ఆగలేకపోయాడు.

"గీ ఎండ్రికాయనే గదనే మన గట్టుకు బొక్క వెట్టింది! మడిల నీళ్ళన్ని అవుతలోని పాలు. దీని మీద గూడ కతలు రాసిన్రా?"

"నీళ్ళు అవుతలోనికి పొయ్యేటట్టు నువ్వే చెప్పినవేమో దానికి" అన్నాడు అవతలి మడి రైతు. అందరూ నవ్వారు.

పిల్ల పుస్తకం దించింది. "బాపూ, గిది మంచి ఎండ్రికాయ. నువ్వు నడుమల మాట్లాడకు."

ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పిల్ల మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. సగం దాకా కూడా రాలేదు, బెజ్జంకి వైపు ఆకాశం నల్లబడింది. గాలి వడ్ల పొట్టును మా కళ్ళల్లో కొట్టింది. అందరూ ఎవరి కుప్పల దగ్గరికి వాళ్ళు ఉరికారు. పల్లపు కొసన ఉన్న రైతుకు కిరాయికి దొరికింది ఒకటే పరదా, అదీ నడుమ చినిగింది. ఆయన వెనక్కి తిరిగి వచ్చి మా తలల మీద ఉన్న పరదాను చూశాడు.

"వదినా, గా పరదా ఇయ్యి."

"పిల్లలున్నరు. పుస్తకాలున్నయి. మనయి గూడ గావు."

"పిల్లలు ఉరుకుతరు. పుస్తకాలు ఆరుతయి వదినా. వడ్లు మొలకలొస్తయి."

ఎనభై బస్తాల కుప్ప ఒక వైపు, ఒకరిచ్చిన అరవై పుస్తకాలు ఒక వైపు. మబ్బు నెత్తి మీదికి వచ్చాక తూకం వేసే తీరిక ఎక్కడుంది? బొంగుకు కట్టిన తాడు ముడి నేనే విప్పాను. పరదా ఒక కొస నేనే పట్టుకుని ఆయన కుప్ప దాకా ఉరికాను. తిరిగి చూస్తే ఇంకెవరో కింది పరదా కూడా లాగుతున్నారు. దాని మీది పుస్తకాలు ఒకదాని మీద ఒకటి జారి మట్టిలో పడుతున్నాయి. మేడం రెండు చేతులతో ఏరుతూ, "ఆగున్రి! ఒక్క నిమిషం ఆగున్రి!" అని అరుస్తోంది. వాన ఆగలేదు.

ముప్పై ఒకటి దక్కాయి. కొన్ని పిల్లలు అంగీల కింద దాచుకుని ఉరికినవి, కొన్ని మా ఇంట్లో ఫ్యాను కింద ఆరినవి. ఎండ్రికాయ పుస్తకం తెల్లవారి గోనె సంచుల కింద దొరికింది. పేజీలు విడదీయబోతే పొరలు పొరలుగా చేతికి వచ్చింది.

వడ్ల సంగతి కూడా చెప్పాలి. పరదా కింద ఉడికి తేమ ఎక్కువైంది. మళ్ళీ ఆరబోస్తే తప్ప కాంటాకు రావని తేలింది. పుస్తకాలు ఆరతాయన్న మనిషి రోజుల తరబడి తన వడ్లనే కాలితో తిరగేస్తూ ఎండలో నడిచాడు.

ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది వడ్లు కాదని ఆయన భార్య కాంటా దగ్గరికి వచ్చినప్పుడు చెప్పింది.

"బిడ్డ తండ్రితోని మాట్లాడుతలేదక్కా. నీళ్ళియ్యమంటే చెంబు గడప మీద పెట్టి పోతుంది. ఆయన తాగుతలేడు, అది తీస్తలేదు. ఆ చెంబు నడుమల నేను సస్తున్న."

ఆ సాయంత్రమే ఆయన నలుగురైదుగురిని వెంటేసుకుని వచ్చాడు.

"వదినా, పోయినయెన్ని?"

"ఇరవై తొమ్మిది."

"బదులిచ్చేస్తం. పుస్తకానికి పుస్తకం. ఊరోళ్ళమందరం గలిసి."

మా దగ్గర బదులంటే మాట కాదు. సోలెడు కారం తెచ్చుకుంటే సోలెడు కారం, పైన పిడికెడు వేసి తిరిగి ఇస్తారు. నాటుకు ఒక దినం వచ్చిన వాళ్ళకు ఒక దినం పోతారు. ఎగబెట్టిన వాళ్ళ పేరు ఊళ్ళో మిగలదు. అందుకే నాకు ధైర్యం వచ్చింది. ఎలాంటి పుస్తకమని నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. బీడీకి బీడీ బదులిస్తే ఏ బీడీ అని ఎవరడుగుతారు?

వారం తిరగకముందే ఇరవై తొమ్మిదీ వచ్చాయి. విత్తనాల కంపెనీ ఇచ్చిన డైరీ. ఇంటర్ గైడు. మంగళసూత్రాల దుకాణం వాళ్ళ నమూనాల పుస్తకం. వ్రతకథలు రెండు. మోటారు బిగించే విధానం. ఒకాయన నిజంగానే పొలం పాసుపుస్తకం తెచ్చి, "బ్యాంకుల పనిపడితె కొంచబోయి మళ్ళ దెస్త" అన్నాడు. ఆయన్ని వెనక్కి పంపితే ఇంకో ముసలాయన పంచాంగం తెచ్చి లెక్క నింపాడు. ఆ పిల్ల తండ్రి తెచ్చింది వరిలో సుడిదోమ నివారణ. అట్ట మీద దోమ బొమ్మ పెద్దగా ఉంది. "బొమ్మలున్నయి వదినా, చూడు" అని విప్పి చూపించాడు.

మేడం సంచిలోకి తొంగి చూసి నెత్తి పట్టుకుంది. "గివ్వి పుస్తకాలేనా అక్కా?"

"లెక్కకు సరిపోయినయి మేడం."

"లెక్కకు కాదక్కా..." అని ఆపేసింది. ఇద్దరం అలసిపోయి ఉన్నాం.

పండుగకు ఒక ఆటోలో పట్టినంత మందిమే పోయాం. కుప్ప కాపలా పక్కవాడికి అప్పజెప్పి ఆ రైతు కూడా వచ్చాడు, ఇంటి నుంచి ఒకరు ఉండాలి గనక. తండ్రి ముందు సీట్లో, బిడ్డ వెనక సీట్లో. హాల్లో మిగతా ఊళ్ళ బల్లల మీద బెలూన్లు, రంగు కాయితాలు. మా బల్ల మీద ముప్పై ఒక్క పుస్తకాలు, ఉబ్బినవి ఉబ్బినట్టే. బదులు వచ్చినవి సంచిలో పెట్టి బల్ల కింద దాచాను.

మా ఊరి పేరు పిలిచారు. పిల్ల లేచి, బల్ల కిందికి వంగి, సంచిలోంచి సుడిదోమ పుస్తకం తీసుకుని ముందుకు పోయింది. దాన్ని విప్పి పట్టుకుని ఎండ్రికాయ కథ మొదలుపెట్టింది. ఎక్కడ పేజీ తిప్పాలో అక్కడ తిప్పింది. ముందు వరుసలో ఒక పంతులు పక్కాయనతో, "పాప వేరే పుస్తకం పట్టుకున్నది" అన్నాడు. ఎవరూ లేచి ఆపలేదు. బొక్క దగ్గరికి వచ్చేసరికి వెనక వరుస నుంచి మళ్ళీ అదే గొంతు.

"గది మన గట్టే!"

పిల్ల చదవడం ఆపింది. హాలంతా వెనక్కి తిరిగింది. ఆ వానరోజు తర్వాత ఆమె తండ్రితో అన్న మొదటి మాట అది.

"బాపూ, నడుమల మాట్లాడకని చెప్పిన గదా."

ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కథ అయ్యేదాకా తీయలేదు.

అందరూ భోజనాలకు లేచాక గ్రంథాలయం సారు మా బల్ల దగ్గరికి వచ్చాడు. జరిగింది చెప్పి సంచి ముందు పెట్టాను. ఆయన ఒక్కొక్కటే తీసి చూశాడు. మంగళసూత్రాల పుస్తకం దగ్గర కాసేపు ఆగాడు.

"ఇవ్వి నేనెట్ల దీసుకోవాలమ్మా? రేపు నన్నడిగేటోళ్ళు నన్ను అడుగుతరు."

"మీకు పనికొచ్చేటియి ఏరుకోండ్రి సారూ."

సంచి అడుగున ఎవరింట్లోనో పాతబడ్డ పిల్లల కథలు ఏడు దొరికాయి. బల్ల మీది ముప్పై ఒకటితో పాటు అవీ తీసుకున్నాడు. ఇరవై రెండు మిగిలాయి. కొత్త అరవై అడగాల్సిన రోజు అదే. నోరు రాకున్నా అడిగాను.

"బాకీ దీరేదాంక సగం ఇస్త" అన్నాడు ఆయన. "అసలియ్యద్దు. గానీ ఆ పిల్లను జూసినంక ఇయ్యకుండ ఉండలేను."

అప్పటి నుంచి బీరువాలో ముప్పయ్యే. ఒక్క పుస్తకానికి ఇద్దరు పిల్లలు. ఒకరు చదివితే ఒకరు పేజీ తిప్పుతారు. తిప్పేవాళ్ళు తొందరపడితే కొట్లాట. ఊరివాళ్ళు బాకీ మరిచిపోలేదు. ఏ పుస్తకం బదులవుతుందో మేడం ఇంటింటికీ పోయి చూపించి వచ్చింది. కొమురవెల్లి మల్లన్న జాతరకు పోయినవాళ్ళు పేలాలు, గాజులతో పాటు పిల్లల పుస్తకాలు కూడా తెచ్చారు. అలా పది తీరాయి. అందులో మూడు ఆ పిల్ల తండ్రే తెచ్చాడు. ఏ బస్టాండులో దిగినా పుస్తకాల దుకాణం ముందు నిలబడి, "ఎండ్రికాయ పుస్తకం ఉన్నదా?" అని అడుగుతాడట. నవ్వుతున్నరు వదినా అని నాతో చెప్పి, తానూ నవ్వుతాడు. ఆ పుస్తకం ఇంతవరకు దొరకలేదు.

నిన్న ఫోనులో ఈ ఏటి పండుగ పిలుపు వచ్చింది. తారీఖు మళ్ళీ వడ్లు కల్లంలో ఉండే రోజుల్లోనే. మేడం వెంటనే ఫోను చేసింది.

"అక్కా, ఈసారి గూడ కల్లంలనే చదివిద్దామా?"

"పుస్తకాల కోసం వేరే పరదా కొంటేనే."

"ఎవరు కొంటరక్కా?"

తాళంచెవి నా కొంగుకే ఉంది. ఎవరైనా తీసుకుంటారా అని సంఘంలో అడిగి చూశాను, అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పండుగ నాడు సారు బల్ల దగ్గరికి వచ్చి, ఎంతవరకు వచ్చిందమ్మా అని అడుగుతాడు. తల తిప్పుకోకుండా చెప్పాలి. ఇంకా సగం కట్ట బాకీ. ఎండ్రికాయతో కలిపి పన్నెండు.