ఇరవై ఐదో పేరు

ఆ రోజుల్లో మావాళ్లు నన్ను కంప్యూటర్ సారు అనేవారు. అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్లు. అందులో పదహారేళ్లు సూరత్ ఉధ్నాలో మగ్గాల మధ్యే గడిచాయి, ప్రోగ్రాములు రాయడం మాత్రం ఏడాదిన్నర కిందటే నేర్చుకున్నాను. కాబట్టి మీసంలో తెల్ల వెంట్రుకలున్నా ఆ పనిలో నేను పసివాణ్ణే. (పసివాళ్లకుండే గర్వం కూడా ఉండేది.) మహమ్మారి వచ్చి మగ్గాలన్నీ ఆగిపోయి, మాటలు ఒక్కసారిగా ఒకరివి ఒకరికి వినబడడం మొదలైన ఆ వేసవిని తలచుకుంటే ఎవరికైనా దిగులే. నాకు మాత్రం ముందు సిగ్గేస్తుంది. ఎందుకంటే ఆ వేసవి గురించి మావాళ్లలో ఒక కథ ఇన్నేళ్లుగా తప్పుగా తిరుగుతోంది. అది తప్పని తెలిసి కూడా, పెళ్లిళ్లలో అందరితో పాటు నేనూ నవ్వాను.

సూరత్‌లో మా తెలంగాణ నేతవాళ్లకు ఒక సంఘం ఉంది. సభ్యుల వివరాలు దాచుకునే ప్రోగ్రాం దానికి రాసిచ్చింది నేనే. ఏ రకం కంప్యూటర్‌లో వేసినా ఒకేలా నడుస్తుందని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకునేవాణ్ణి. సంఘంలో దాని ముందు కూర్చునేది మా బావ, అంటే మా అక్క భర్త. లాక్‌డౌన్‌లో ఊళ్లకు పోయేవాళ్ల కోసం ప్రత్యేక బస్సులకు అనుమతి దొరికింది. బస్సుకు ఇరవై ఐదుగురు. వాళ్ల పేర్లు, ఊళ్లు, వయసులు ఒకే కాగితం మీద ఉండాలి, దాని మీద ఆఫీసు ముద్ర పడాలి. చేతిరాత జాబితా పంపితే చదవరావడం లేదని వెనక్కి పంపారు. నా ప్రోగ్రాంలో అన్నీ ఉన్నాయి గానీ ప్రింటు తీసే సదుపాయం లేదు.

"నాలుగు రోజులల్ల పెట్టిస్తవా బామ్మర్ది?" అని బావ ఫోన్‌లో అడిగాడు.

"రెండు రోజులు సాలు బావా," అన్నాను. (నాలుగు పట్టింది.)

ప్రింటు తీసే భాగం ఒక పూటలో అయిపోయింది. మిగిలిన మూడున్నర రోజులూ ప్రింట్ ప్రివ్యూకు పోశాను. కాగితం మీద అచ్చు ఎలా పడుతుందో ముందే తెరమీద చూపించే కిటికీ అది. అందులో తెల్లటి కాగితం, దాని చుట్టూ సన్నటి గీత, కుడివైపున నిజం కాగితానికి పడ్డట్టే లేత నీడ. ఆ నీడ మరీ నల్లగా ఉందని ఒకసారి, మరీ పలచగా ఉందని ఒకసారి మార్చాను. ఇరవై నాలుగు వరుసలు హాయిగా పట్టాయి. ఇరవై ఐదోదాన్ని అడుగున, అంచుకు ఆనించి ఇరికించాను. తెరమీద అక్షరాలు ముత్యాల్లా కనిపించాయి. నా భార్య టీ గ్లాసు పెట్టి కాసేపు చూసింది.

"గా నీడ గూడ అచ్చయితదా?"

"కాదు, చూడ్డానికే."

"మరి పేర్లు అచ్చయితున్నయా లేదా సూసినవా?"

చూడలేదు. ఎలా చూస్తాను? ఇంట్లో ప్రింటరు లేదు, జిరాక్స్ దుకాణాలు మూతపడ్డాయి. సంఘం ఆఫీసు పక్క గల్లీలోనే ఉన్నా, మధ్యలో వెదురు బొంగులు అడ్డంగా కట్టి పోలీసులు కూర్చున్నారు. ప్రోగ్రాం ఫోన్ ద్వారా బావకు చేరింది గానీ నేను చేరే దారి లేదు. "ఒకసారి తీసినంక లెక్కవెట్టాల్నా?" అని బావ అడిగాడు. "అవసరమే లేదు బావా, నీకు తెర మీద ఏం కనబడితే కాగితం మీద గదే పడుతది," అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో నా గొంతుతోనే వినిపిస్తుంది.

మొదటి బస్సు జాబితాలో ఇరవై ఐదో పేరు మా చిన్నాయనది. ముందుగా రాయించుకోవలసిన మనిషి. లాక్‌డౌన్‌కు వారం ముందు చిన్నమ్మ ఊళ్లో కంటి ఆపరేషన్ చేయించుకుంది. చిన్నాయన పోయి చూసుకోవాలనుకున్నాడు, ఇంతలో అన్నీ ఆగిపోయాయి. జబ్బు భయంతో ఇరుగుపొరుగు గడప దాటి రావడం లేదు. కంట్లో చుక్కలు తనే తడుముకుంటూ వేసుకుంటోంది. అయినా చిన్నాయన, "సంటి పిల్లలున్నోళ్లయి ముందు రాయుండ్రి, నాది ఆఖరుకు పెట్టుండ్రి" అన్నాడు.

బస్సు పొద్దున్నే వచ్చింది. కాగితం చూసి పేర్లు పిలిచారు. ఇరవై నాలుగు పిలిచి తలుపు వేశారు. మధ్యాహ్నం చిన్నాయన ఫోన్ చేశాడు. "కొడుకా, నా పేరే లేదటరా. సంచి పట్టుకొని ఎండల నిలవడ్డ. బస్సు వాయె," అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం సంఘం పెద్దలంతా ఫోన్‌లో కూడారు. తప్పెవరిదన్నారు. నేను ప్రివ్యూ ఫోటో తీసి అందరికీ పంపాను. "చూడుండ్రి, ఇరవై ఐదో పేరు ఉన్నది గదా. ప్రింటర్‌ల కాగితం వంకర వెట్టినట్టున్నరు, అడుగున తెగిపోయింది," అన్నాను. బావ పేరు ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు, కాగితం పెట్టింది ఆయనొక్కడే. "ఏందయ్యా, ఒక్క కాగితం సక్కగ వెట్టరాదా?" అన్నారెవరో. బావ కాదనలేదు. ఆ రోజు నుంచి ఆయన వంకర కాగితం అయిపోయాడు. విందులో విస్తరి వేస్తుంటే "బావా, జర సక్కగ వెయ్యి" అనేవాళ్లు. పది మంది నవ్వేవాళ్లు, పదకొండోవాణ్ణి నేను.

రెండో బస్సు పది రోజుల తర్వాత బయలుదేరింది. చిన్నాయన చేరేసరికి చిన్నమ్మ కన్ను చీము పట్టి ఉంది. ఆ చూపు మళ్లీ రాలేదు. ఆ పది రోజులే కారణమని డాక్టరు అనలేదు. కాదని కూడా అనలేదు.

వానలు మొదలై దారులు తెరిచాక సంఘం ఆఫీసుకు వెళ్లి, బావ లేనప్పుడు, కాగితం చక్కగా పెట్టి ప్రింటు తీశాను. ఇరవై నాలుగు పేర్లు. అడుగున బొటనవేలు వెడల్పు తెలుపు. ప్రతి ప్రింటరూ అంచున కొంత జాగా వదిలేస్తుంది. ఎంత వదులుతావని ప్రోగ్రాం దాన్ని ముందే అడగాలి. నేను అడగలేదు. నా ప్రివ్యూ ప్రింటరుతో సంబంధం లేకుండా నేను సొంతంగా గీసుకున్న బొమ్మ. అక్షరాలు తగ్గించి, వరుసలు పైకి జరిపి, కొత్త ప్రతి పంపాను. ఏమేం మారాయో చెప్పే చోట "చిన్న చిన్న సవరణలు చేయబడినవి" అని రాశాను. ఇన్నేళ్ల నా రాతకోతల్లో అంతకంటే నీచమైన వాక్యం లేదు.

మొన్నీమధ్య సంఘం బీరువా సర్దుతుంటే ఆ పాత కాగితాల నకళ్లు దొరికాయి. రెండో బస్సు, మూడో బస్సు. రెండింటిలోనూ ఇరవై నాలుగు అచ్చు వరుసలు, వాటి కింద నీలం పెన్నుతో ఇరవై ఐదోది. బావ చేతిరాత. రెండోదానిలో ఆ వరుస చిన్నాయనది. కాగితం తీసుకెళ్లి బావ ముందు పెట్టాను.

"నీకు అప్పుడే తెలుసా?"

"బస్సు వోయిన నాడే ఇంకో రెండుసార్లు తీసి సూసిన. గట్లనే వచ్చింది."

"మరి అందరి ముందు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమైతుండె బామ్మర్ది? కంప్యూటర్ లిస్టుల పేర్లే మాయమైతున్నయంటే, రెండో బస్సుకు ఎవడన్న పేరిస్తుండెనా? నా తప్పంటే ఒక్కని తప్పుతోని ఒడిసిపాయె." కాగితం నావైపు జరిపి, "నువ్వే చెప్తవనుకున్న," అన్నాడు.

చిన్నాయనకు చెప్తానన్నాను. "చెప్పు. గని నవ్వుకుంట చెప్పకు," అన్నాడు.

నవ్వకుండానే చెప్పాను. చిన్నాయన ఏమీ అనకుండా ఫోన్ చిన్నమ్మకిచ్చాడు. మళ్లీ మొదటినుంచీ చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "మీ బావను నలుగురిల అన్నవు గదా. నాకు ఒక్కదానికి చెప్తే ఎట్ల ఒడుస్తది కొడుకా?" అంది.

అందుకే రాస్తున్నాను. బావ కాగితం వంకరగా పెట్టలేదు. తప్పు నాది. నాలుగు రోజులు తెర ముందు కూర్చుని, లేని కాగితానికి నీడలు దిద్దిన ఆ ముప్పై తొమ్మిదేళ్ల పసివాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ నవ్వు ఫోన్‌లో చిన్నాయన మౌనం దాకా వెళ్లి, అక్కడ ఆగిపోతుంది.