మేనత్త అడిగిన విమానం రంగు

మా మేనత్త పోయిన వార్త నాకు దుకాణంలో ఉండగా తెలిసింది. పొద్దున్నే షట్టరు ఎత్తి, ఎవరో మేస్త్రీకి డబ్బాలు తీసి పెడుతున్నాను. త్రిపురాంతకం పక్క పల్లె నుంచి అత్త కూతురు ఫోన్ చేసింది.

“బావా, అమ్మ లేవలా. టీ ఇద్దామని పిలిస్తే పలకలా,” అన్నది. వెనకాల ఎవరో ఏడుస్తున్నారు. “నిన్న ఒంట్లో బాగలేదా?” అన్నాను.

“బాగానే ఉండె బావా. నిన్న సాయంత్రం గూడా తడిగుడ్డతో గోడ తుడిచింది.”

ఆ గోడ గురించి చెప్పకపోతే మా అత్త గురించి చెప్పినట్టు కాదు. చెబితే మీకు అర్థమవుతుందా అంటే నమ్మకం లేదు. మార్కాపురంలో ఇన్నేళ్ళుగా రంగులు అమ్ముతున్నవాణ్ణి, నాకే ఆ గోడ ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు.

మామ పలకల గనిలో పనిచేసేవాడు. రాతిదుమ్ముకు రొమ్ము పాడై, పనికి పోయే రోజులు తగ్గి, ఇంట్లో కూర్చునే రోజులు పెరిగినాయి. అప్పుడు అత్త కువైట్ పోయింది. అక్కడ ఒక ఇంట్లో వంట చేయడం, ఆ ఇంటి ముసలామెను చూసుకోవడం ఆమె పని. రెండు మూడేళ్ళకోసారి వచ్చి, ఒక నెల ఉండి పోయేది.

మొదటిసారి తిరిగొచ్చినప్పుడు పల్లె సగం వాళ్ళ వాకిట్లోనే ఉంది. ఆడవాళ్ళు బంగారం గురించి, మగవాళ్ళు పని గురించి అడుగుతున్నారు. మా అమ్మకు మాత్రం తిండి మీద ధ్యాస.

“విమానంలో తిననీకి ఏం పెట్టినారు?” అని అడిగింది.

“ఏందో పెట్టినారులే వదినా. అది కాదు, దాని రంగు చెప్తా విను,” అన్నది అత్త. “ఒళ్ళంతా తెలుపు. తోక ఒక్కటే నీలం. మామూలు నీలం కాదు, బట్టలకు పెట్టే నీలిమందు నీళ్ళల్లో కలవకముందు ఉంటది చూడు, అది. దాని మీద తెల్లగా ఒక అల.”

“లోపల కూర్చున్నదానివి, నీకు తోక యాడ కనపడింది?” అన్నాడు మా నాయన.

“ఎక్కేముందర చూసుకోవాలన్నా. ఎక్కినాక ఏముంది, ముందరోళ్ళ తలకాయలే కదా.”

అందరూ నవ్వినారు. అత్త నవ్వలేదు. ఆ విమానానికి కంపెనీ పేరు ఉండే ఉంటుంది. ఆమె ఎప్పుడూ నీలంబండి అనే అన్నది. తర్వాత కొన్నేళ్ళకు ఆ కంపెనీ మూతపడింది. ఆ సంగతి నాకు చెప్పింది కూడా అత్తే. కువైట్ నుంచి ఫోన్ చేసి, మంచీ చెడూ అడిగి, ఆఖరికి గొంతు తగ్గించి, “నీలంబండి పోయిందంట అల్లుడా,” అన్నది. ఎవరో మనిషి పోయినట్టు చెప్పింది.

“ఇంకో కంపెనీ ఉంటది కదత్తా. దాంట్లో రా.”

“వస్తాలే. రాక యాడికి పోతా. అయినా అంత మంచి రంగును ఇప్పుడు ఏం చేస్తారు? గీకేస్తారా?”

రంగులమ్మేవాణ్ణి కాబట్టి నాకు తెలిసి ఉంటుందని ఆమె అనుకుంది. తెలియదన్నాను. ఆ తర్వాత కూడా చాలాసార్లు అడిగింది. తెలుసుకుని చెప్పాలని ఒక్కసారి కూడా నాకు తోచలేదు. మూతపడిన కంపెనీ విమానం రంగు ఏమైతే మనకెందుకు అనుకునేవాణ్ణి.

నీలంబండి తర్వాత ఆమెకు చిలకబండి దొరికింది. ఒళ్ళు తెలుపు, కిటికీల కింద ముక్కు నుంచి వెనకదాకా ఒక ఆకుపచ్చ చార, తోక చిలకముక్కు ఎరుపు. అత్త చెప్పిన లెక్కన అదీ దాని రూపు. దాని గురించి చెప్పేటప్పుడు కుడిచేత్తో గాలిలో ఆ చార గీసి చూపించేది. అన్నం తింటూ కూడా గీసేది.

మామ జబ్బు ముదిరినప్పుడు ఆమె యజమాని మంచివాడే, సెలవిచ్చి చిలకబండికి టికెట్టు కొనిపెట్టినాడు. అత్త సామాను సర్దుకుని విమానాశ్రయానికి చేరేసరికి, ఆ పొద్దే కంపెనీ విమానాలు ఆపేసింది. ఇక్కడ మామ ఆ మధ్యాహ్నమే పోయినాడు. నేను ఫోన్ చేస్తే, “కౌంటరు ముందర కూర్చున్నా అల్లుడా. లోపల లైట్లు ఆర్పేసినారు. మనుషులు లేరు. ఎవురిని అడగాల?” అన్నది. నేను మామ పోయిన మాట చెప్పినాను. “ఉంచండి, వస్తా,” అన్నది.

ఉంచినాము. ఐసు పెట్టె తెప్పించి, మరుసటి రోజు సాయంత్రం దాకా చూసినాము. ఇంకో విమానంలో చోటు దొరకలేదు. ఎండాకాలం. పాస్టరుగారు వచ్చి మా నాయన చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నచ్చజెప్పినారు. మామను అత్త లేకుండానే సమాధి చేసినాము.

ఆమె వచ్చేటప్పటికి వారం దాటింది. నేనే హైదరాబాదు పోయి బాడుగ కారులో తీసుకొస్తున్నాను. బయటికొచ్చే రోడ్డు మీద, దూరంగా కంచె అవతల విమానాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అత్త ఒక్కసారిగా నా భుజం తట్టింది.

“ఆపమను అల్లుడా.”

దిగి కంచె దగ్గరికి పోయింది. నేనూ పోయినాను. ఎర్ర తోకలవి రెండు మూడు, ఇంజన్లకు గుడ్డలు కట్టి, కదలకుండా ఉన్నాయి. తిడుతుందేమో అనుకున్నాను. మట్టి ఎత్తి పోస్తుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. తిట్టినా తప్పు లేదు. మొగుడి ఆఖరి చూపు దక్కకుండా చేసిన బండ్లు అవి.

అత్త కొంగుతో మొహం తుడుచుకుని, “ఎంత దుమ్ము పట్టిందో చూడు. ఎవురూ కడగట్లేదేమో,” అన్నది.

అంతే. వచ్చి కారులో కూర్చుంది. దోర్నాలలో టీ కోసం ఆగినాము. అక్కడ గ్లాసు పట్టుకుని, “ఎర్రరంగు ఎండకు తొందరగా ఎలిసిపోతది కదా?” అని అడిగింది. అవునన్నాను. తల ఊపింది.

ఆ తర్వాత ఆమె మళ్ళీ కువైట్ పోలేదు. మామ సమాధి కట్టించే సమయానికి నా దుకాణానికి వచ్చి, తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు కావాలన్నది. గేటుకేమో అనుకుని రంగుల కార్డు ముందు పెట్టినాను. ఒక్కో ఆకుపచ్చ మీద బొటనవేలి గోరు ఆనించి చూసింది. ఒకటి ముదురన్నది, ఇంకోటి పసుపు కొడుతున్నదన్నది. చివరికి ఒకటి కలిపించుకుంది. డబ్బా మూత పెట్టబోతుంటే, “ఇదేనా?” అని నన్నే అడిగింది. నేను ఆ విమానాన్ని కంచె అవతల నుంచి ఒక్కసారి చూసినవాణ్ణి. ఇదే అన్నాను.

తర్వాతి ఆదివారం పల్లెలో గొడవయింది. సమాధుల దొడ్డిలో అన్నీ తెల్ల సమాధులే. మధ్యలో మామది చిలకబండిలాగా ఉంది. తల దగ్గర నిలువు రాయి ఎర్రగా, పక్కల వెంబడి ఆకుపచ్చ చార. సంఘపెద్ద అత్తను పిలిపించినాడు. నేనూ అక్కడే ఉన్నాను.

“సమాధికి కంపెనీ రంగులేందమ్మా?” అన్నాడాయన. కోపంగా అనలేదు, నిజంగానే తెలియక అడిగినాడు.

అత్త తలమీద కొంగు సర్దుకుంది. “ఆ మనిషి పోయిన నాడు నేను ఆ బండిలో రావాల్సినదాన్ని అయ్యా. నేను అందుకోలేకపోయినా. ఆ బండన్నా వచ్చి పక్కన ఉండిందనుకోండి.”

సంఘపెద్ద కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళకు ఆమె మనసు తెలిసిందనుకున్నాను. ఇంటికి నడుస్తూ అదే మాట ఆమెతో అన్నాను.

“అది ఆయనకు చెప్పాలని చెప్పినాలే. ఏదో ఒకటి చెప్పకపోతే వదలడు కదా,” అన్నది అత్త.

“మరి నిజం ఏంది?”

“నిజమా,” అని కొంతదూరం నడిచింది. “తెలిస్తే చెప్పనా అల్లుడా.”

మరుసటి ఏడు ఇంటి ముందు గోడకూ అవే రంగులు వేయించింది. ఈసారి ఎరుపు పైన ఒక వారగా నీలం కూడా చేరింది, నీలంబండిది. దారిన పోయే బస్సులోంచి జనం తొంగి చూసేవాళ్ళు. ప్రతి శనివారం బకెట్టు పెట్టుకుని ఆ గోడ తుడిచేది. ఎందుకు ఆ రంగులు అంటే అడిగిన వాళ్ళకల్లా ఒక్కో మాట చెప్పింది. పాస్టరమ్మగారితో, బిడ్డను చదివించుకున్న రోజులు గుర్తొస్తాయన్నది. మా అమ్మతో, ఇప్పుడొచ్చే విమానాలన్నీ ఒకటే తీరుగా ఉంటున్నాయి, ఏది ఎవరిదో తెలియడం లేదు, వీటినన్నా ఎవరో ఒకరు గుర్తు పెట్టుకోవాలి కదా అన్నది.

నాతో ఒకసారి ఇంకో సంగతి చెప్పింది. ఆమె మొదటిసారి పోయినప్పుడు మామ హైదరాబాదు దాకా వచ్చినాడంట. పాత విమానాశ్రయం గోడ పక్కన నిలబడి నీలం తోక లేచేదాకా చూసినాడంట. ఆ తర్వాత పల్లెలో పైన ఏ విమానం పోయినా, “మీయమ్మ బండి పోతాండాది,” అని బిడ్డకు చూపించేవాడంట. “అంత పైన పోయేదానికి రంగు కనపడతదా? అయినా ఆయప్పకు కనపడేది,” అన్నది.

ఈ మాట నేను మనసులో దాచుకున్నాను. అన్నిటికన్నా ఇదే నిజమని నాకు అనిపించేది. అత్తను మామ పక్కనే సమాధి చేసిన రోజు, అందరూ వెళ్ళినాక, ఆమె కూతురికి చెప్పినాను. ఓదార్పుగా ఉంటుందనుకున్నాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది.

“నాయన యాడ పోయినాడు బావా హైదరాబాదు? మార్కాపురం బస్టాండు దాకే వచ్చినాడు. నన్ను ఎత్తుకోనుండె. బస్సు కదిలితే నేను ఏడ్చినానంట, జామకాయ కొనిచ్చి ఇంటికి తెచ్చినాడంట.”

“మరి విమానం పోతుంటే చూపించేది?”

“అది నిజమే. కానీ మీయమ్మ బండి అనేవాడు కాదు. అదిగో విమానం అనేవాడు, అంతే.” సమాధి మట్టి వైపు చూసి, “అమ్మ నాతో ఈ మాట ఎప్పుడూ చెప్పలేదే,” అన్నది. అప్పుడు ఏడ్చింది. నేను ఎందుకు చెప్పినానా అనిపించింది. అత్త అబద్ధం చెప్పిందా, అట్ల జరిగి ఉంటే బాగుండునని అనుకుని అనుకుని అదే గుర్తుగా మిగిలిందా, లేకపోతే వేరే ఎవరో పంపించడానికి వచ్చినవాళ్ళను మామ అనుకుందా, నాకు తేలడం లేదు. అడగడానికి ఇప్పుడు ఎవరున్నారు?

తర్వాత ఆమె సమాధి కట్టించినాము. సిమెంటు ఆరినాక ఏ రంగు వేయాలన్న మాట వచ్చింది. అత్త కూతురి మొగుడు తెలుపు చాలన్నాడు. కూతురు, “బావా, నువ్వు ఎట్ల చెప్తే అట్ల,” అన్నది. నేను ఫోన్ తీసి చిలకబండి కంపెనీ పాత ఫోటోలు వెతికినాను. చూసే కొద్దీ తికమక ఎక్కువయింది. బతికి ఉన్న కాలంలో ఆ కంపెనీ ఎన్నోసార్లు రంగులు మార్చిందంట. కొన్ని ఫోటోల్లో చార ఆకుపచ్చ, కొన్నింటిలో నీలం, కొన్నింటిలో చారే లేదు. అత్త ఏది ఎక్కిందో, ఏది చూసి నా దుకాణంలో గోరు ఆనించిందో ఎట్ల తెలిసేది? చివరికి తెలుపు ఒక్కటే వేసి, జ్ఞాపకార్థ కూడికకు పోయేటప్పుడు ఆకుపచ్చ, ఎరుపు డబ్బాలు రెండూ కారులో పెట్టుకున్నాను. వేయడానికా, తిరిగి తేవడానికా అన్నది తేల్చుకోలేదు.

కూడికకు చంద్రశేఖరపురం వైపు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు బస్సులో వచ్చినారు. అత్తతో పాటు కువైట్లో పనిచేసినవాళ్ళు. ఒకామెకు మోకాళ్ళ నొప్పి, రెండో ఆమె చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నది. ప్రార్థన అయినాక సమాధుల దగ్గరికి తీసుకుపోతే, మామ సమాధి చూసి ఇద్దరూ ఆగిపోయినారు.

“ఇది మన బండే గదా అక్కా,” అన్నది రెండో ఆమె.

“మన బండే. కానీ చార ఆకుపచ్చ యాడిది? నీలం గదా.”

“నీలం కాదు, ఆకుపచ్చే. నేను కిటికీ పక్కన కూర్చోని రెక్క మీద చూసినా.”

“రెక్క మీద చార ఉంటదా? నువ్వు చూసింది వేరేది.”

ఎండలో నిలబడి చాలాసేపు వాదించుకున్నారు. చార ఎక్కడ పొట్ట దగ్గర లావయ్యేది, ఎక్కడ సన్నబడేది, ఇద్దరూ చేతులతో గాలిలో గీసి చూపించుకున్నారు. అత్త కూతురు వాళ్ళ చేతులే చూస్తున్నది. నేను ఫోన్ తీసి, “ఫోటోలు ఉండాయమ్మా, చూస్తారా?” అన్నాను. “వద్దులే నాయనా, మాకు తెల్దా,” అన్నది మోకాళ్ళ నొప్పి ఆమె. తర్వాత నా కారు వైపు చూసి, “రంగు తెచ్చినావా?” అని అడిగింది.

డబ్బా తెచ్చి మూత తీసినాను. ఆకుపచ్చ. ఆమె డబ్బాలోకి తొంగి చూసింది.

“సరే, ఆమె ఆకుపచ్చ అనుకుంటే ఆకుపచ్చే కానీ,” అని కుంచె అందుకుంది. రెండో ఆమె భుజం ఆసరాగా పట్టుకుని, మోకాళ్ళు ముడవలేక నడుము వంచి, అత్త తల వైపు నుంచి గీయడం మొదలుపెట్టింది. తాడు కట్టలేదు, గీత కొట్టలేదు. పాదాల వైపు వచ్చేసరికి కుంచెను మెల్లగా పైకి తిప్పింది.

“ఇక్కడ బండి లేస్తది,” అన్నది.

తెల్ల సిమెంటు మీద ఆ తడి చార ఎండకు మెరుస్తున్నది. చివర పైకి లేచిన చోట రంగు ఎక్కువై ఒక బొట్టు కిందికి జారింది. తుడవబోతే అత్త కూతురు నా చెయ్యి పట్టుకుని ఆపింది.