కొంచెం తగ్గిస్తే చాలదా అండి?

మా లా కాలేజీ మాస్టారు ప్రపంచ రాజ్యాంగాలన్నిటినీ రెండు వేళ్లతో చెప్పేవారు. పాత రేడియో సౌండు తగ్గిస్తున్నట్టు ఆ వేళ్లను గాల్లో తిప్పి, “పూర్తిగా ఆపెయ్యాలా? కొంచెం తగ్గిస్తే చాలదా అండి?” అనేవారు. ప్రభుత్వం బహిరంగ సభను ఆపినా, ఇంటర్నెట్ కట్ చేసినా జర్మనీ, కెనడా కోర్టులు అడిగేది అదేనట. ఇప్పుడు మన సుప్రీంకోర్టూ అడుగుతోందట.

ఓసారి మేము మాస్టారితో కలిసి రేపల్లె నుంచి తెనాలి వెళ్తున్న రైల్లో ఒక యువకుడు ఫోన్లో సినిమా గట్టిగా పెట్టాడు. పెద్దాయనొకరు లేచి, “వేమూరులో దించేస్తా నిన్ను!” అంటూ అతని సంచి కిందికి లాగారు. మాస్టారు ఇద్దరి మధ్యా నిలబడి వేళ్లు తిప్పారు. యువకుడు సౌండు తగ్గించాడు. పెద్దాయన సంచిని మళ్లీ పైన పెట్టేశారు.

ఇక మాస్టారి సంబరానికి పట్టపగ్గాల్లేవు. “చూశారాండీ! ఇదే కెనడాలో అయితే...” అంటూ బోగీ అంతా వినిపించేలా అందుకున్నారు. ఎదుటి సీట్లో పసిబిడ్డను నిద్రపుచ్చుతున్న తల్లి ఆయన వంక చూసి, రెండు వేళ్లు మెల్లగా తిప్పింది.

మాస్టారు ఠక్కున ఆగారు. ముఖం వెలిగిపోయింది. మా చెవుల దగ్గరికి వంగి, తెనాలి వచ్చేదాకా కెనడా గురించి గుసగుసగా చెబుతూనే ఉన్నారు.