బోదె అవతలి హారతులు

యానాంలో కొందరు నన్ను ఇప్పటికీ కౌన్సిలరు గారూ అని పిలుస్తారు. పదవి పోయి చాలా ఏళ్ళయింది. మా టరమ్ అయిపోయాక మున్సిపాలిటీ ఎన్నికలు మళ్ళీ పెట్టలేదు గనక నన్ను ఓడించే అవకాశం ఎవరికీ రాలేదు. దాన్ని నా గొప్పతనం కింద జమకట్టుకుని, చొక్కాకి గంజి పెట్టించుకుని ఊరంతా తిరిగేవాణ్ణి.

మా వీధి మెట్టకూరు చివర. వీధి పక్కనే బోదె, అంటే పొలాలకి నీళ్ళు పోయే సన్న కాలవ. ఇవతల మేము పుదుచ్చేరి వాళ్ళం, అవతల వాళ్ళు ఆంధ్రా వాళ్ళు. మధ్యలో రెండంగల్లో దాటిపోయే సిమెంటు పలక. పెళ్ళి భోజనాలకీ పిల్లల కొట్లాటలకీ ఆ తేడా ఎవరికీ గుర్తుండదు. ఓటుకి మాత్రం ఉంటుంది.

కౌన్సిలర్‌గా నేను చేశానని చెప్పుకోదగ్గ పని ఒకటే, మంచినీళ్ళ కుళాయి. వీధి మధ్యలో వేయించమని మావాళ్ళు అడిగారు. సరేనన్నాను కూడా. ఈలోగా బోదె అవతలి ముసలమ్మ ఒకావిడ నా చేతులు రెండూ పట్టుకుని, నీ మొహం చూస్తేనే కడుపు నిండిపోతుంది నాయనా అంది. నా మొహాన్ని అంతమాట అన్నవాళ్ళు అంతకుముందు లేరు, మా అమ్మతో సహా. కుళాయి తీసుకెళ్ళి పలక పక్కన వేయించేశాను.

అప్పట్నుంచి అవతలివాళ్ళు పొద్దున్నే వచ్చి బిందెలు వరస పెట్టేసేవారు. మా వీధి ఆడవాళ్ళు వచ్చేసరికి ఆ బిందెల వెనకే చోటు. వీళ్ళేదో గొణుక్కునేవారు గానీ, అవతల నుంచి వచ్చే దీవెనల హోరులో నాకు వినబడేది కాదు.

ఇంతలో అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. ఏ పార్టీ పిలవలేదు కాబట్టి ఇండిపెండెంటుగా నిలబడ్డాను. గెలుపు సంగతి దేవుడెరుగు, మా బూత్‌లో మెజారిటీ వస్తే చాలనుకున్నాను. సొంత వీధే కాదంటే, కౌన్సిలరు గారూ అన్న పిలుపుకి ఇంక ఏ మొహం పెట్టుకుని పలకను? నా పంతమల్లా అదే.

ప్రచారం ఆఖరి రోజు ఆటోకి మైకు కట్టుకుని మా వీధిలోకి వచ్చాం. హారతి పళ్ళేలే పళ్ళేలు. బొట్టు పెట్టడానికి నా నుదురు చాలలేదు. ఏడుపొచ్చేసింది నాకు. ఇంటికొచ్చి, మన బూత్ ఏకపక్షమే అని మా ఆవిడకి చెప్పాను. ఆవిడ బెండకాయలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"ఆ పళ్ళేలన్నీ అవతలోళ్ళయ్యండి. మనోళ్ళు గుమ్మాల కాడే నిలబడిపోయారు. చూళ్ళేదా మీరు?"

చూడలేదు. పైగా, అవతలివాళ్ళకే ఇంత ప్రేముంటే ఇవతలివాళ్ళకి ఇంకెంత ఉంటుందో అని లెక్క వేసుకుని హాయిగా నిద్రపోయాను.

లెక్కింపు రోజు మా బూత్‌లో నాకొచ్చిన ఓట్లు చదివారు. అది క్రమసంఖ్య కాబోలనుకుని అసలు అంకె కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఆ తర్వాత ఇంకేం చదవలేదు.

మర్నాడు పొద్దున్న ఆ ముసలమ్మ పలక దాటి వచ్చి నా చేతులు పట్టుకుంది. "మాకిక్కడ ఓటుంటేనా నాయనా, ఒక్కటి కూడా పక్కకి పోనిచ్చేవాళ్ళం కాదు" అని ఏడ్చింది. నిజం ఏడుపే. ఆ క్షణాన సిగ్గుతో చచ్చిపోయాను. నన్ను మెచ్చుకునేవాళ్ళకి ఓటు లేదు, ఓటున్నవాళ్ళకి నేను నీళ్ళివ్వలేదు.

అయినా బుద్ధి రాలేదు. ఇంట్లోకొచ్చి మా వీధివాళ్ళకి విశ్వాసం లేదని గంటసేపు తిట్టాను. మా ఆవిడ అంతా విని, నెమ్మదిగా అంది.

"ఇన్నేళ్ళూ ఆ బిందెల ఎనకాల నేనూ నిలబడ్డానండి. ఇంటికెంత పొద్దెక్కి వచ్చేదాన్నో మీరెప్పుడన్నా చూశారా?"

మరి నువ్వెవరికి వేశావని అడగబోయి నోరు మూసుకున్నాను. ఇప్పటికీ అడగలేదు. అప్పటికి మాత్రం ఆవిడ చేతిలో బిందె తీసుకుని, కుళాయి దగ్గరకెళ్ళి వరసలో అందరికన్నా వెనక నిలబడ్డాను. ముందున్నావిడ మా వీధావిడే. వెనక్కి తిరిగి చూసి, ఏంటండి కౌన్సిలరు గారూ, మీరొచ్చారు అంది.

నేను పలకలేదు.