పర్వాన్ బావ వెండి గుర్రాలు

మా అక్క స్తాంకా మొగుడు పర్వాన్ ఒకప్పుడు ట్రాక్టర్ నడిపేవాడు. సహకార వ్యవసాయ క్షేత్రం మూతపడి ట్రాక్టర్లు పాత ఇనుములో కలిశాక, ఊళ్ళో మగవాళ్ళంతా ఏదో ఒక పని వెతుక్కున్నారు. కొందరు పందుల్ని పెంచారు, కొందరు నాలాగా డాన్యూబ్ నదిలో వలేసి బతికారు. మా బావ మాత్రం క్రిస్మస్‌కి కోసుకోవాల్సిన పందిని అమ్మేసి, భూమిలో లోహాన్ని పసిగట్టే యంత్రం కొనుక్కొచ్చాడు. ఆ ఏడు పండక్కి మా అక్క ఇంట్లో ఉడకబెట్టిన చిక్కుడు గింజలే గతి.

"ఒక్క ఏడాది ఓపిక పట్టవే. ఈ నేల కింద రోమన్లు పాతిపెట్టిన బంగారం ఎంతుందో నీకేం తెలుసు!" అన్నాడు బావ.

"నా కడుపులో ఏముందో నాకు తెలుసు. ఆకలి ఉంది," అంది అక్క.

అప్పట్నుంచి ఆయన నడకే మారిపోయింది. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని, యంత్రాన్ని ముందుకు చాపి, పొలాల మీద పెళ్ళికొడుకులా ఊరేగేవాడు. అది 'కుయ్' మన్నచోటల్లా తవ్వేవాడు. సీసా మూతలు, గుర్రపు నాడాలు, యుద్ధం నాటి తూటా ముక్కలు దొరికేవి. ఒకసారి మంచి బరువైన నట్టు దొరికితే, పాత కోట తలుపుదని సారాకొట్లో అందరికీ చూపించాడు. మెకానిక్‌గా చేసిన ముసలాయన ఒకడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది నీ ట్రాక్టర్ నాగలిదే కదరా. నువ్వు పోగొట్టి నన్ను తిట్టించావు కూడా," అన్నాడు. బావ సిగ్గుపడతాడనుకున్నారేమో! "చూశారా, నా యంత్రం ఎంత పదునో. మన వస్తువుని కూడా వదల్లేదు," అన్నాడు.

అన్నిటికంటే భరించలేనిది ఆయన పాండిత్యం. ఏ నాణెం దొరికినా నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఏ చక్రవర్తిదో చెప్పేవాడు. మా తాతల నాటి చిల్లరను కూడా అలాగే చప్పరించి ఎవరో రాజుకి అంటగట్టేవాడు.

ఒక వసంతంలో వరద తీసిన తరవాత, ఊరికి దిగువన గట్టు విరిగిపడింది. అక్కడ ఆయన యంత్రం ఊరంతా వినపడేలా మోగింది. బావ ఒక కుండని రొమ్ముకు హత్తుకుని సారాకొట్టు ముందుకొచ్చాడు. ద్రాక్ష పందిరి కింద బల్ల మీద దాన్ని బోర్లించాడు. నిజం చెప్పాలి, నేను కూడా బల్ల మీదికి వంగిపోయాను. కుండ నిండా నాణేలే. నల్లగా, మందంగా, అరచేతికి బరువుగా ఉన్నాయి.

ఒకటి నోట్లో వేసుకుని, "రోమన్లవి. సందేహం లేదు," అన్నాడు బావ. ఆ సాయంత్రమే మా అక్కకు గొలుసు, నాకు కొత్త పడవ ఇంజను ప్రకటించాడు.

మూడోనాడు పట్నం నుంచి మాంచో అనే బేరగాడు దిగాడు. మా వైపు ఊళ్ళన్నీ తిరిగి పాత నాణేలు కొనేవాడు అతనే. తోలు చొక్కా, చేతికి లావుపాటి కడియం. ఒక్కొక్క నాణెం తీసి చూసి పకపకా నవ్వాడు.

"ఇవేంటి పర్వాన్? గుర్రాలా, సాలెపురుగులా? కాళ్ళు ఒంటికి అతకనే లేదు. ఈ తలకాయ చూడు, ఉడికిన బంగాళాదుంపలా ఉంది. రోమన్లు ఇంత దరిద్రంగా చేస్తారా? ఎవడో చేతకానివాడు చేసిన నకిలీ సరుకు ఇది."

మేమందరం బావ ముఖంలోకి చూశాం. ఆయన ఒక నాణేన్ని తిప్పి చూసి తలూపాడు. "అదే నేనూ అనుకున్నాను. నోట్లో పెట్టుకోగానే అనుమానం వచ్చింది."

"మరి నాకు గొలుసు కొంటానని ఎందుకన్నావయ్యా?" అని అడిగింది అక్క.

"నువ్వు నోరు మూసుకో. ఇది తెలిసినవాళ్ళ మాట."

మాంచో వెళ్తూ వెళ్తూ, వాటిలో బొమ్మ చెరగనివి ఏరి గుప్పెడు జేబులో వేసుకున్నాడు. "మా పాప ఆడుకుంటుందిలే," అన్నాడు. బావ పెద్ద దాతలా చెయ్యి ఊపాడు. "తీసుకో తీసుకో, ఇంకో గుప్పెడు తీసుకో." మాంచో మొహమాటపడలేదు.

మిగిలినవాటిని ఏం చెయ్యాలి? మా వల అడుగున కట్టే సీసపు బరువులు వరదలో చాలా కొట్టుకుపోయాయి. బావకు ఆలోచన తట్టింది. పెరట్లో బల్లకు నాణేల్ని బిగించి, డ్రిల్లింగ్ మిషనుతో ఒక్కొక్కదానికీ కన్నం పెట్టసాగాడు. లోహపు పొట్టు రాలుతుంటే మా అక్క వంగి చూసింది.

"ఏమయ్యా, ఈ పొట్టు తెల్లగా మెరుస్తోందే. ఇనుములా లేదు."

"తగరం."

"తగరం ఇంత గట్టిగా ఉంటుందా?"

"స్తాంకా! ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నది నువ్వా, నేనా?"

అక్క చీపురు తెచ్చి ఆ పొట్టునంతా ఊడ్చి కోళ్ళ గూటి వెనక పోసింది.

ఆ వేసవంతా మేం ఆ వలతోనే చేపలు పట్టాం. బరువులు బాగానే పనిచేశాయి, ఆ మాట ఒప్పుకోవాలి. ఒకసారి నీటి అడుగున మోడుకి తగులుకుని వలలో సగం తెగి అక్కడే ఉండిపోయింది. బావ లెక్కచెయ్యలేదు. "పోతే పోయాయి, చెత్త నాణేలు," అన్నాడు.

శరదృతువులో జిల్లా మ్యూజియం నుంచి ఇస్క్రా అనే ఆవిడ వచ్చింది. విరిగిన గట్టులో పాత గోడలు బయటపడ్డాయని ఎవరో చెప్పారట. ఒడ్డున నడుస్తూ, ఎండుతున్న మా వల దగ్గర ఆగి మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది.

"ఈ వల ఎవరిదండీ?"

బావ మీసం దువ్వుకుంటూ ముందుకొచ్చాడు. "నాదేనమ్మా. చేపలు కావాలా?"

"ఈ నాణేలు ఎక్కడివి?"

"అవా? నకిలీవి. నేను చూడగానే పసిగట్టేశాను."

ఆవిడ కళ్ళద్దాలు తీసి, మెడకు చుట్టుకున్న గుడ్డతో తుడుచుకుంది. కోపగించుకుంటే బాగుండేది. నెమ్మదిగానే చెప్పింది. "రోమన్లు ఇక్కడికి రాకముందు ఈ నేల మీద ఉన్నవాళ్ళు ఇలాగే చేసుకునేవాళ్ళు. మాసిడోనియా రాజు నాణేన్ని చూసి, తమకు నచ్చినట్టు గుర్రాన్ని విడగొట్టి గీసేవాళ్ళు. ఇది మంచి వెండి. మిగతావి ఎక్కడున్నాయండీ?"

బావ చెయ్యెత్తి నది వైపు చూపించాడు.

మా బల్గేరియాలో ఇలా తవ్వడానికి ప్రభుత్వ అనుమతి ఉండాలి. పోలీసులు వచ్చి యంత్రం పట్టుకెళ్ళారు. న్యాయమూర్తి జైలుకు పంపకుండా, ఇంకోసారి గడ్డపలుగు పట్టుకుంటే చూసుకోమని హెచ్చరించి వదిలేశాడు. మాంచో ఆచూకీ మళ్ళీ తెలియలేదు.

ఆ వారంలో ఒకరోజు బావ బోర్లించిన పడవ మీద కూర్చుని ఉన్నాడు. అరచేతుల్లో డ్రిల్లు గీసుకుపోయిన గాట్లు ఇంకా ఉన్నాయి. నన్ను చూసి నెమ్మదిగా అడిగాడు.

"ఒరే త్సెకో, ఆ మాంచో కావాలనే అబద్ధం చెప్పాడంటావా?"

"ఛ, అదేం లేదు బావా. పాపం, కూతురు ఆడుకోవడానికేగా పట్టుకెళ్ళాడు."

తిడతాడనుకున్నాను. తల దించుకుని, గోటితో పడవ తారు గీకుతూ ఉండిపోయాడు. అప్పుడు మాత్రం నాకు జాలేసింది. కానీ ఎంతో కాలం నిలవలేదు ఆ జాలి.

ఎందుకంటే, చలికాలం తిరిగేసరికి వల నుంచి విప్పిన నాణేల్ని మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టారని కబురొచ్చింది. బావ పెళ్ళినాటి కోటు తొడుక్కుని బస్సెక్కాడు. ఇప్పుడు ఊరికి ఏ చుట్టం వచ్చినా అక్కడికి లాక్కెళ్తాడు. నేనూ ఒకసారి వెంట వెళ్ళాను. పెట్టె ముందు నిలబడి, ముక్కూ మొహం తెలియని ఒక జంటతో అంటున్నాడు.

"నేను తీసినవే ఇవన్నీ. ఆ కన్నాలు కూడా నేను వేసినవే. చూడండి, ఒక్కటైనా పక్కకి పోయిందేమో! అన్నీ నడిమధ్యకే."

కాపలావాడు గొంతు తగ్గించమన్నాడు. బావ తగ్గించలేదు.