హమాలీల అమానతు

నేను చెప్పిన అబద్ధంలో ఆరే మాటలున్నాయి, చివరి ‘సార్’తో కలిపి. పదకొండేళ్లుగా దాన్ని మోస్తున్నాను. మావారికి చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నానేమో. ఇందులో ధైర్యమేమీ లేదు, ముందే చెబుతున్నాను.

అప్పుడు నేను కోదాడలో ఎంబీఏ ఫైనాన్స్ చదువుతున్నాను. రెండో సంవత్సరంలో ఇద్దరిద్దరు కలిసి ఒక ప్రాజెక్టు చేయాలి. నాకు జోడీగా సునీత వచ్చింది. గరిడేపల్లి దగ్గర తండా అమ్మాయి. మా మేనమామకు మిర్యాలగూడలో రైస్‌మిల్లు ఉండేది. సునీత వాళ్ల నాన్న హర్యా ఆ మిల్లులోనే హమాలీ, బస్తాలు మోసేవాడు. ఇంకేం, మిల్లుకు పెట్టుబడి ఎక్కడెక్కడి నుంచి వస్తుంది, దానికి వడ్డీ ఎంత పడుతుంది అన్నదే రాద్దామనుకున్నాం. పని సులువవుతుందని నేను సంబరపడ్డాను. సులువైన పనులంటే నాకు మొదటి నుంచీ ఇష్టం.

సునీత అలా కాదు. నేను మామయ్య ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చుని బ్యాంకు కాగితాలు చూసి ఎక్కించుకుంటుంటే, ఆమె వడ్ల బస్తాల మధ్య తిరుగుతూ హమాలీలతో లంబాడీలో మాట్లాడేది. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అక్కడే ఆమెకు అమానతు సంగతి తెలిసింది. తండాల నుంచి వచ్చిన హమాలీలు కూలి డబ్బంతా ఇంటికి తీసుకుపోరు. చేతిలో ఉంటే ఖర్చయిపోతుందని కొంత మిల్లు సేటు దగ్గరే దాచుకుంటారు. అదే అమానతు, నమ్మి అప్పగించిన సొమ్ము. గుమాస్తా ఒక చీటీ మీద అంకె వేసి ఇస్తాడు. చీటీ మీద మిల్లు పేరు కూడా ఉండదు. వడ్డీ ఉండదు. నమ్మి ఇచ్చినదానికి వడ్డీ అడగడం మర్యాద కాదని వాళ్ల ఉద్దేశం.

సునీత ఒక నోటుపుస్తకంలో నలభై మంది పేర్లు, ఎవరి అమానతు ఎంతో రాసింది. పేరు పక్కన వేలిముద్ర వేయించింది. ప్రతి పేజీ కింద గుమాస్తాతో సంతకం పెట్టించింది. కాలేజీ పనే కదా, పైగా సేటు మేనకోడలు కూడా ఉందని ఆయన పెట్టేశాడు. తర్వాత రిపోర్టులో పట్టిక గీసింది. బ్యాంకు అప్పు, దాని వడ్డీ. దాని కింద హమాలీల అమానతు, వడ్డీ సున్నా. మిల్లుకు అన్నిటికంటే చవకగా దొరికిన పెట్టుబడి అదే. మా పాఠంలో లేనిది, మా లెక్చరర్‌కు తట్టనిది ఆమెకు తట్టింది. అది చూడగానే నాకు ఏమనిపించిందో తెలుసా? ఒళ్లు మండిపోయింది. హైదరాబాదులో ఒక ఫైనాన్స్ కంపెనీ ఉద్యోగానికి మా కాలేజీ ఆ ఏడు ఒక్క పేరే పంపుతుందని అందరికీ తెలుసు.

వైవాకు వారం ముందు సునీత ఆ పుస్తకం నా చేతికిచ్చింది. వానలకు వాళ్ల ఇల్లు కురుస్తోంది, తడిసిపోతుందని భయం. నేను దాన్ని తిన్నగా తీసుకెళ్లి మామయ్యకు చూపించాను. ఆయన నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు. బ్యాంకువాళ్లకు తెలిస్తే బాగుండదు బిడ్డా అన్నాడు, అంతే. బాయిలర్ పొయ్యిలో ఊకతో పాటు పుస్తకాన్నీ వేయించాడు. నేను చూస్తూ నిలబడ్డాను. టీ ఇప్పిస్తే తాగాను కూడా. నా ఫీజు కట్టేది మామయ్యే కదా, కాదనలేకపోయానని చాలా ఏళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజమేనా? ఆయన అడక్కుండానే పుస్తకం పట్టుకెళ్లిందెవరు? ఏం జరగాలని పట్టుకెళ్లాను? జరగాల్సింది జరిగినప్పుడు లోపలెక్కడో హాయిగా అనిపించిన మాట నిజం కాదా?

వైవాలో పరీక్ష చేయడానికి బయటి నుంచి వచ్చినాయన ఆ పట్టిక దగ్గర ఆగాడు. దీనికి ఆధారమేదన్నాడు. పుస్తకం ఈమె దగ్గరుంది సార్ అని సునీత నా వైపు ధీమాగా చూసింది.

“నా దగ్గర ఏ పుస్తకమూ లేదు సార్” అన్నాను.

బయట వరండాలో సునీత నా చెయ్యి పట్టుకుంది.

“మర్శిపోయినవా? ఇంట్ల ఉన్నదేమో, జర యాద్ చేస్కో.”

“నువ్వు నాకియ్యనే లేదు.”

చెయ్యి వదిలేసింది. తిడుతుందనుకున్నాను.

“ఏలిముద్ర ఎయ్యమంటే మావోళ్లు భయపడ్డరు. మా నాయనే ఒప్పిచ్చిండు. సేటు మేనకోడలు మనతోని ఉన్నది, ఏం గాదన్నడు. ఇప్పుడు ఆయనకు ఏం జెప్పాలె నేను?”

బస్సుకు టైమైందని వచ్చేశాను.

దొంగ లెక్కలు రాసిందని సునీతను ఫెయిల్ చేశారు. మళ్లీ పరీక్షకు ఆమె రాలేదు. ఆ పేజీ తీసేసిన రిపోర్టుతో నేను పాసయ్యాను. హైదరాబాదుకు నా పేరే వెళ్లింది. ఆ ఉద్యోగం ఏడాది కూడా చేయలేదు, అది వేరే కథ. సూర్యాపేటకు వచ్చి ఒక కాలేజీలో అదే ఫైనాన్స్ పాఠాలు చెప్పుకుంటున్నాను.

రెండేళ్లకు మామయ్య మిల్లు అమ్మేశాడు. కొన్నవాళ్లు పాత బాకీలతో మాకు సంబంధం లేదన్నారు. మామయ్య ‘ఏ అమానతు?’ అన్నాడు. గుమాస్తా ఎటో వెళ్లిపోయాడు. నలభై మంది చేతుల్లో పేరులేని చీటీలు మిగిలాయి. పెద్దమనుషులతో పంచాయితీ పెట్టుకుని, సాక్ష్యం కోసం హర్యా బస్సెక్కి సూర్యాపేటలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి వచ్చాడు. గేటు దగ్గర రుమాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కూతురు ఫెయిలైన సంగతి ఎత్తలేదు.

“ఆ పుస్తకం నువ్వు సూసినవ్ గద బిడ్డా. యాదికున్నదని ఒక్క మాట జెప్పు, సాలు” అన్నాడు.

గుర్తు లేదన్నాను. అప్పటికి సునీతతో పోటీ లేదు, మామయ్య ఫీజు కట్టేదీ లేదు. మరి ఎందుకన్నాను? మొదటి అబద్ధం బయటపడుతుందని. అంతకు మించి కారణమేదీ నాకు దొరకలేదు. శానా రోజులాయె గద బిడ్డా, యాడ యాదుంటది అని తనే నా తరఫున చెప్పి వెళ్లిపోయాడు.

పంచాయితీ తేలలేదు. ఎవరికీ ఒక్క పైసా రాలేదు. హర్యా పోయిన ఏడాది చనిపోయాడు, అప్పటిదాకా బస్తాలు మోస్తూనే ఉన్నాడట. సునీత హుజూర్‌నగర్‌లో ఒక బట్టల షాపులో కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. ఒకసారి ఎదురుపడ్డాం. నన్ను గుర్తుపట్టింది. బిల్లు చేతికిచ్చి తర్వాతి మనిషిని పిలిచింది.

ఇప్పుడు చెప్పి ప్రయోజనమేంటని మీరు అడగొచ్చు. ఏమీ లేదు. మిల్లు లేదు, పుస్తకం లేదు, అడిగిన మనిషి లేడు. సునీత క్షమిస్తుందని నేననుకోవడం లేదు, క్షమించమని అడగాలని కూడా నాకు లేదు. కానీ ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి ముందు చెప్పకుండా ఇక ఉండలేకపోయాను.

గుర్తుంది. మొదటి పేజీలో మొదటి పేరు హర్యా. నాకు గుర్తుంది.