దొర బంగళా గోడలో గూడు

మొన్నటి వానకు తడిసిన గోడలోంచి పాత మసి వాసన వచ్చింది. హుమ్నాబాద్ దగ్గరి దొర బంగళా ఇప్పుడు ఫంక్షన్ హాలు. పెళ్లికూతురిని కూర్చోబెట్టే గదిలో ఆ వాసన తగలగానే మార్తమ్మ టీచరు గుర్తొచ్చారు.

ఎవరో ఇంగ్లీషు దొర తన దేశపు ఇంటి తీరున కట్టించుకున్న బంగళా అది. ఆయన వెళ్లాక మిషన్ వాళ్ల నివాసమైంది, తర్వాత పోలీసు ఠాణా, ఆపైన ధాన్యం గోదాము. నా చిన్నప్పుడు ఆడపిల్లల హాస్టలు. మార్తమ్మ టీచరు మా వార్డెను. గోడల మీది సున్నం పొరలు గీకి, ముసలివాళ్లను అడిగి ఈ చరిత్రంతా ఆమే కూర్చారు. పెద్ద గది గోడలో నేలనంటి ఉన్న గూడు మాత్రం ఆమెకూ అంతుపట్టలేదు. ఊరికి ఏ సందేహమూ లేదు. అది దొరసాని సమాధి! పసుపు, నిమ్మకాయలు పెట్టేవారు. లోపలి నుంచి గుబగుబమని చప్పుడొస్తే దొరసానికి కోపమొచ్చినట్టు.

ఏడో తరగతిలో నాకు జ్వరమొచ్చింది. మా ఊరు చిట్గుప్ప నుంచి అమ్మ దిగింది, గూడు ముందు నిమ్మకాయలు పెట్టి మొక్కింది. "దొరసాని పట్టింది. సదువొద్దు గిదువొద్దు, మూట గట్టు" అంది. కోపంతో మండిపోయి ఆ నిమ్మకాయలను తన్నబోయాను. టీచరు రెక్క పట్టి ఆపారు.

"తంతే ఏం తెలుస్తదే? కాలు నొస్తది."

"అంతా అబద్ధం టీచర్!"

"మరి నిజమేందో చెప్పు."

వంగి గూట్లోకి చూశాను. అంతా చీకటే.

"నాకూ తెల్వదు" అంటూ ఆమె అమ్మ వైపు తిరిగారు. "అక్కా, నువ్వు మొక్కినవి నువ్వే తియ్యి. లోపల ఏముందో ఇద్దరం చూద్దాం."

అమ్మ భయపడుతూనే నిమ్మకాయలు తీసి, గూట్లో చెయ్యి పెట్టి పైకి తడిమింది. వేళ్లు నల్లబడ్డాయి. "ఇది మసి టీచరమ్మా! సమాధిల మసేంది? ఇది పొయ్యి!"

జొన్న చొప్ప వెలిగించారు. ముందు పొగంతా గదిలోకే తన్నింది, అందరం దగ్గాం. అంతలో పైన గుబగుబమని రెక్కల చప్పుడు, కప్పు మీది గొట్టంలోంచి పావురాలు లేచిపోయాయి.

"ఈ ఎండల సలి కాగనీకె పొయ్యా? దొరకు పిచ్చి లేసిందా?" అంది అమ్మ.

"ఆయన ఊర్ల మంచు పడ్తదంట. ఇల్లుతోని చలిని గూడ మోసుకొచ్చిననుకున్నడు."

అమ్మ నన్ను తీసుకుపోలేదు. పోతూ పోతూ ఆ పొయ్యికి ఓసారి దండం పెట్టింది. నేను మొహం ముడుచుకుంటే టీచరు నవ్వారు. "ఇంట్ల పొయ్యికి రోజూ మొక్కుతలేదా? పోనీ."

తర్వాత ఎన్నో సభల్లో మూఢనమ్మకాల మీద విరుచుకుపడ్డాను. ఆ కోపం నా సొంతం. ఎదుటివాళ్ల నోరు మూయించే మాట నాలుక మీదికి వచ్చినప్పుడు, దాన్ని ఆపి "మీరేం చూశారు?" అని ముందు అడగడం మాత్రం ఆమె నేర్పింది. చాలాసార్లు, వాళ్లు చెప్పింది విన్నాక, ఆ మాట అనవలసిన అవసరమే రాలేదు.